ఈ బెల్టు ఎవరిచ్చారండీ?

జూడోకు పుట్టిల్లు టోక్యోలోని కొడోకాన్. కానో జిగోరో దాన్ని 1882లో మొదలుపెట్టాడు. ఆనాటి నుంచి ఇప్పటిదాకా కొడోకాన్ పదో దాన్, అంటే నల్ల బెల్టు మెట్లలో పదోది, ఇచ్చింది మొత్తం 15 మందికి. ఆఖరుసారి 2006లో ఒకేసారి ముగ్గురికి ఇచ్చారు. ముగ్గురూ ఎనభై ఏళ్లకు అటూ ఇటూగా ఉన్న పెద్దవాళ్లు. ప్రపంచమంతా లక్షల మంది ఆడే ఆటలో నూటనలభై ఏళ్లకు తేలిన లెక్క అది.

ఇక మన జిల్లా కేంద్రంలో బస్టాండు ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చూడండి. నలభై నిండని మనిషి, నడుముకు ఎర్ర బెల్టు, ఛాతీ నిండా బ్యాడ్జీలు. పేరుకు ముందు ‘గ్రాండ్ మాస్టర్’, ‘హాన్షి’, ‘డాక్టర్’. పేరు తర్వాత ‘10వ దాన్’. ఓ పక్క ఎమ్మెల్యేగారి బొమ్మ, ఇంకో పక్క బ్రూస్‌లీ. కింద సమ్మర్ క్యాంపు తేదీలు, ఫోన్ నంబరు.

ఆ ఫ్లెక్సీ పచ్చి అబద్ధమని ఇక్కడ నిలబడి తేల్చేయలేం. కరాటేలో ఒక్కో శాఖకు ఒక్కో లెక్క. జూడో కొలతతో దాన్ని కొలవడం న్యాయం కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. డాక్టరని బోర్డు పెట్టుకున్నవాడి పేరు మెడికల్ కౌన్సిల్ జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. లాయరైతే బార్ కౌన్సిల్ ఉంది. కరాటే మాస్టారికి అలాంటి రిజిస్టరు మన దేశంలో లేదు. రేపు పొద్దున నేనో నల్ల బెల్టు కొనుక్కుని, మున్సిపల్ పార్కులో చాప పరిచి, ఇరవై మంది పిల్లల చేత ‘ఓస్’ అని కరాటే వందనం చేయిస్తే ఆపేవాళ్లెవరూ ఉండరు. బెల్టు స్పోర్ట్స్ షాపులో దొరుకుతుంది. పేరు కుట్టించుకోవాలంటే రెండ్రోజులాగాలి, అంతే.

దాన్ అనేది సర్కారిచ్చే పట్టా కాదు, యూనివర్సిటీ డిగ్రీ అంతకన్నా కాదు. ఒక గురువు తన శిష్యుణ్ణి చూసి, వీడికి ఇంత వచ్చు అని సంతకం పెట్టి చెప్పిన మాట. అందుకే ‘ఎన్నో దాన్?’ అన్న ప్రశ్నతో తేలేది ఏమీ లేదు. అడగాల్సింది ‘ఎవరిచ్చారు?’ అని.

ఈ పద్ధతి పుట్టిందే అలా. 1883లో కానో తన దగ్గర నేర్చుకుంటున్న సైగో షిరో, తొమితా త్సునెజిరో అనే ఇద్దరికి తొలిసారిగా దాన్ ఇచ్చాడు. తన శిక్షణశాలలో ఎవరు ముందున్నారు, ఎవరు వెనకున్నారు అని గుర్తుపెట్టుకోడానికి చేసుకున్న ఇంటి ఏర్పాటు అది. నల్ల బెల్టు కట్టించడం ఆ తర్వాత వచ్చింది. 1922లో ఒకినావా నుంచి టోక్యో వచ్చిన ఫునాకోషి గిచిన్ ఆ పద్ధతినే కరాటేకు తెచ్చుకుని, 1924 ఏప్రిల్ 12న తొలి కరాటే బ్లాక్‌బెల్టులు ఇచ్చాడు. పసుపు, ఆకుపచ్చ, నీలం అంటూ మన పిల్లలు కట్టుకునే రంగుల వరస జపాన్‌లో మొదట్లో ఇలా లేదు. 1930లలో ఐరోపాలో జూడో నేర్పిన కవాయిషి మికినొసుకె దానికి ఊపు తెచ్చాడు. శిష్యులు ఓపిక పట్టాలంటే మధ్యలో ఏదో ఒకటి చేతికందుతూ ఉండాలని ఆయనకు అర్థమైంది. మనవాళ్లు దాన్ని ఇంకో మెట్టెక్కించి, రంగుకూ రంగుకూ మధ్య గీతలు చేర్చారు. గీతకో పరీక్ష, పరీక్షకో ఫీజు.

సొంత స్టైల్ కనిపెట్టానని చెప్పుకునే మాస్టార్లకు ఈ చరిత్రలో ఒక ముక్క బాగా కలిసొస్తుంది. ‘కానోకు దాన్ ఎవరిచ్చారు? ఫునాకోషికి సర్టిఫికెట్ ఉందా?’ అంటారు. నిజమే, దాన్లు ఇవ్వడం మొదలుపెట్టిన వాళ్ల చేతిలో దాన్ కాగితం లేదు. కానీ ఫునాకోషి ఇటోసు దగ్గరా అజాటో దగ్గరా నేర్చుకున్నాడని అప్పటి ఒకినావాలో అందరికీ తెలుసు. కానో కితో ర్యూ అనే పాత జుజుత్సు సంప్రదాయంలో ఈకుబో దగ్గర నేర్చుకుని, లైసెన్సు పుచ్చుకున్నవాడు. వాళ్లకు కొత్త కాగితం లేదేమో గానీ గురువులున్నారు, ఆ గురువులకు పేర్లున్నాయి, నేర్చుకోవడం చూసిన జనం ఉన్నారు. మన ఫ్లెక్సీ మాస్టారిని ఆ ఒక్క ముక్కే అడగాలి.

‘మాస్టారూ, మీకు నేర్పిందెవరండీ?’

నిజంగా నేర్చుకున్నవాడికి ఈ ప్రశ్నంత ఇష్టమైంది ఇంకోటి ఉండదు. మొహం వెలిగిపోతుంది. ‘మాకు చిన్నప్పుడు రైల్వే గ్రౌండులో ఒక సార్ నేర్పేవారండీ. పొద్దున్నే అయిదింటికి రమ్మనేవారు, లేటైతే గ్రౌండు చుట్టూ ఇరవై రౌండ్లు. ఇప్పుడు పెద్దాయనైపోయారు, కొడుకు దగ్గర ఉంటున్నారు. మాట్లాడతారా, నంబరివ్వమంటారా?’ అంటాడు. తనతోపాటు నేర్చుకుని మానేసిన స్నేహితులు, తన్నులు తిన్న టోర్నమెంట్లు, మూడోసారికి గానీ పాసవని బ్రౌన్ బెల్టు టెస్టు అన్నీ వరసగా వచ్చేస్తాయి. ఓడిపోయిన సంగతులు చెప్పే మాస్టారి మీద నాకు గురి కుదురుతుంది.

రెండో రకం జవాబు ఇలా ఉంటుంది: ‘చాలా దేశాల స్టైల్స్ స్టడీ చేసి సొంతంగా డెవలప్ చేశానమ్మా.’ ఏ దేశం, ఏ ఊరు, ఏ సంవత్సరం అంటే మాట దాటేస్తాడు. గురువు పేరు చెప్పినా ఆయన విదేశీయుడై ఉంటాడు, పైగా చనిపోయి ఉంటాడు. అమెరికాలో ఫ్రాంక్ డక్స్ అనే ఆయన కథ ఈ బాపతే. రహస్య ‘కుమితే’ పోటీలో గెలిచానని ఆయన చెప్పుకున్నదాని మీద 1988లో ‘బ్లడ్‌స్పోర్ట్’ సినిమా వచ్చింది. జాన్ క్లాడ్ వాన్ డామ్ స్టారైపోయింది ఆ సినిమాతోనే. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక ఆరా తీసింది. పోటీ నడిపిందన్న సంస్థ చిరునామా డక్స్ ఇంటి చిరునామాయేనని, ట్రోఫీ చేసింది దగ్గర్లోని దుకాణమేనని రాసింది. డక్స్ ఒప్పుకోలేదు. తనకు నింజా విద్య నేర్పింది సెంజో తనాకా అని ఆయన చెప్పాడు గానీ, అలాంటి గురువు ఉన్న దాఖలా దొరకలేదు. ఇయాన్ ఫ్లెమింగ్ 1964లో రాసిన జేమ్స్ బాండ్ నవలలో నింజాలను నడిపే పాత్ర పేరు కూడా తనాకాయే కావడం విమర్శకుల కంట పడకుండా పోలేదు.

అంతకన్నా ముందు షికాగోలో జాన్ కీహన్ ఉండేవాడు. పేరు ‘కౌంట్ డాంటే’గా మార్చుకుని, ప్రపంచంలోకెల్లా ప్రాణాంతకమైన మనిషిని నేనేనని పిల్లల కామిక్ పుస్తకాల వెనక ప్రకటనలు వేయించాడు. డబ్బు పంపితే పుస్తకంతోపాటు సభ్యత్వ కార్డు పోస్టులో వచ్చేది. నవ్వుకుని ఊరుకునే కథ కాదది. 1970 ఏప్రిల్లో అతను శిష్యుల్ని వెంటేసుకుని ఎదుటి శిక్షణశాల మీదికి వెళ్లాడు. ఆ గొడవలో అతని స్నేహితుడే కత్తిపోట్లకు చనిపోయాడు.

మన దగ్గర కరాటే ఊళ్లలోకి వచ్చింది ఎక్కువగా సినిమా తెర మీదుగానే. ‘ఎంటర్ ద డ్రాగన్’ 1973 నాటిది. ఆ గాలి వీస్తుండగానే సుమన్, భానుచందర్ లాంటి, నిజంగా కరాటే నేర్చుకున్న హీరోలు వచ్చారు. తర్వాత ‘భద్రాచలం’లో శ్రీహరి తైక్వాండో ఆడితే పల్లెటూళ్లలో కూడా ఆ పేరు తెలిసింది. మోజు ముందొచ్చింది, గురువులు తర్వాత వచ్చారు. ఆ ఖాళీలోకి మంచివాళ్లూ దూరారు, మాయగాళ్లూ దూరారు.

సరే, కాగితం సంగతికొద్దాం. మాస్టారి ఆఫీసు గదిలో గోడ మీద ఫ్రేములు కట్టి ఉంటాయి కదా, టీ చెప్పేలోపు లేచి వాటి ముందు నిలబడండి. మొహమాటం వద్దు, అవి చూడ్డానికే పెట్టారు. పేరులో ‘వరల్డ్’, ‘ఇంటర్నేషనల్’, ‘యూనివర్సల్’ ఉన్నంత మాత్రాన ఏమీ అయిపోదు. ఇచ్చిన సంస్థకు చిరునామా ఉందా, రిజిస్టరు నంబరు ఉందా, తేదీ ఉందా చూడండి. సంతకం ఎవరిదో చదవండి. సంతకం మాస్టారిదే అయ్యుంటే, అంటే తనకు తానే అధ్యక్షుడై తనకు తానే దాన్ ఇచ్చుకుని ఉంటే, టీ తాగి వచ్చేయొచ్చు.

ఆ తర్వాత తేదీలు వరసగా పేర్చండి. ఇదే అన్నిటికన్నా తేలికైన పరీక్ష, దీనికి కరాటే రానక్కర్లేదు, కూడికలు వస్తే చాలు. సియోల్‌లో 1972లో వెలిసిన కుక్కివాన్ తైక్వాండో దాన్లకు మూలస్థానం. దాని నిబంధనల్లో ఒకటో దాన్ నుంచి రెండోదానికి ఏడాది, రెండు నుంచి మూడుకు రెండేళ్లు, మూడు నుంచి నాలుగుకు మూడేళ్లు, నాలుగు నుంచి అయిదుకు నాలుగేళ్లు ఆగాలి. అంటే ఒకటికీ అయిదుకీ మధ్య కనీసం పదేళ్ల ఎడం ఉండాలి. పదిహేనేళ్లు నిండని పిల్లలకు కుక్కివాన్ దాన్ ఇవ్వదు, ‘పూమ్’ అని వేరే ఇస్తుంది. వాళ్ల బెల్టు సగం ఎరుపు, సగం నలుపు. కుక్కివాన్ సర్టిఫికెట్టని చెప్పి పదేళ్ల బాబుకు ‘రెండో దాన్’ ఇచ్చామంటే ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో అడగాల్సిందే. అడగడం కూడా కష్టం కాదు, సర్టిఫికెట్ నంబరు కొట్టి కుక్కివాన్ వెబ్‌సైటులోనే సరిచూసుకోవచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. తైక్వాండోకు రెండు పెద్ద వంశాలు. 1966లో చోయ్ హాంగ్ హీ పెట్టిన ఇంటర్నేషనల్ తైక్వాండో ఫెడరేషన్ (ఐటీఎఫ్) ఒకటి, కుక్కివాన్, వరల్డ్ తైక్వాండో దారి ఇంకొకటి. ఐటీఎఫ్ దారిలో ఇరవై ఏళ్లు చెమటోడ్చినవాడి పేరు కుక్కివాన్ జాబితాలో కనిపించకపోవచ్చు. కనిపించలేదు కాబట్టి దొంగ అనుకోవడం తప్పు. అందుకే ఏ శాఖ, ఎవరి వంశం అన్నది ముందు తేల్చుకుని, ఆ ఇంటికే వెళ్లి అడగాలి.

గోడ మీద కనిపించే ఇంకో గుర్తు, దూకుళ్లు. ఓ సంస్థలో నాలుగో దాన్ దాకా పద్ధతిగా ఎక్కుతూ వచ్చిన మనిషి, ఆ సంస్థతో చెడి, కొత్త ఫెడరేషన్లో చేరిన ఏడాదే ఏడో దాన్ అయిపోతాడు. కొత్తవాళ్లకు మనుషులు కావాలి, ఈయనకు అంకె కావాలి. మీరు నన్ను ఎనిమిదో దాన్ చేయండి, నేను మిమ్మల్ని తొమ్మిదో దాన్ చేస్తానని ఇచ్చిపుచ్చుకోడాలూ ఈ లోకంలో కొత్తేం కాదు. ఇలాంటి మాస్టారు పూర్తిగా దొంగ కాదు, నాలుగో దాన్ వరకూ నిజమే. మన పిల్లలకు నేర్పడానికి ఆ నాలుగో దాన్ బ్రహ్మాండంగా చాలు కూడా. ఆ పైవి ఎందుకు తగిలించుకున్నాడంటే మన కోసమే. తల్లిదండ్రులు అంకె చూసి ఫీజు కడతారని ఆయనకు తెలుసు.

గుర్తింపు ఉన్న సంస్థ ముద్ర ఉంటే బెంగ లేదనుకుంటాం. అది కూడా సగం నిజమే. కరాటే అసోసియేషన్ ఆఫ్ ఇండియాకు ఉన్న గుర్తింపును ప్రపంచ కరాటే సమాఖ్య 2020లో తీసేసింది. కారణం లోపలి కుమ్ములాటలు. ఆ తర్వాత కరాటే ఇండియా ఆర్గనైజేషన్ ముందుకొచ్చింది. పైన పెద్దలు కొట్టుకుంటుంటే కింద జిల్లాలో పిల్లాడి చేతిలో ఉన్న మెడల్ ఏ లెక్కలోకి వస్తుందో ఎవరికీ అర్థం కాదు. సంఘాల గుర్తింపు అవసరమయ్యేది పోటీలకూ స్పోర్ట్స్ కోటాకూ. కోటా మీద ఆశ ఉన్నవాళ్లు మాత్రం దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. తెలంగాణ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం ఉంది, ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో 3 శాతం ఇచ్చారు. ఫంక్షన్ హాల్లో పెట్టిన ‘ఇంటర్నేషనల్ ఓపెన్ చాంపియన్‌షిప్’ బంగారు పతకం అక్కడ చెల్లుతుందన్న భరోసా లేదు. ఎంట్రీ ఫీజు కట్టేముందే ఏ ఫెడరేషన్, దాన్ని ఎవరు గుర్తించారు అని అడిగి తెలుసుకోవాలి.

ఫంక్షన్ హాలు అన్నాక పెంకులు పగలగొట్టడం గురించి చెప్పకపోతే ఎలా. వార్షికోత్సవంలో జనం ఈలలేసే అంశం అదే. దగ్గరికెళ్లి చూడండి. బెంగుళూరు పెంకులు పది వరసగా పేరుస్తారు, పెంకుకూ పెంకుకూ మధ్య చిన్న చెక్క ముక్కలు పెట్టి సందు వదులుతారు. ఆ సందు ఉంటే పై పెంకు విరిగి కింది దాని మీద పడుతుంది, అది విరిగి దాని కిందిదాని మీద. సందు తీసేసి పదీ కలిపి పేర్చండి, అప్పుడు ఆ పది ఒక్క దిమ్మ. చెక్క పలకైతే నారకు అడ్డంగా కొడుతున్నారా, నార వెంట విరుస్తున్నారా చూడాలి. కొట్టేవాడికి ధైర్యం, గురి ఉండాలి, కాదనను. అయితే ఆ పెంకులు చూసి గురువుగా యోగ్యుడని రాసివ్వలేం.

చేయి తగలకుండానే పడగొట్టేవాళ్లు ఇంకో రకం. జపాన్‌లో యనగి ర్యుకెన్ అనే వృద్ధ గురువు అరుపుతో, చేతి ఊపుతో శిష్యుల్ని పదేసి మందిని నేల మీద దొర్లించేవాడు. ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. తనను ఓడిస్తే డబ్బిస్తానని పందెం కట్టాడు. 2006లో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆడే ఒకతను బరిలోకి దిగాడు. గురువుగారి చేతి ఊపు అతని మీద పని చేయలేదు. కాసేపటికే పెద్దాయన ముక్కు పగిలి కింద పడ్డాడు. చూడ్డానికి కష్టంగా ఉంటుంది. నన్నడిగితే ఆయన మోసగాడు కూడా కాదు. శిష్యులు పడుతున్నారు కాబట్టి తనకు శక్తి ఉందని నమ్మాడు, లేకపోతే ఎవడు పందెం కడతాడు? అమెరికాలో జార్జ్ డిల్‌మన్ తాకకుండా స్పృహ తప్పిస్తాననేవాడు. నేషనల్ జియోగ్రాఫిక్ కార్యక్రమంలో నమ్మకం లేనివాడి మీద అది పారకపోతే, అతని నాలుక పెట్టుకున్న తీరు సరిగ్గా లేదేమో, కాలి బొటనవేలొకటి పైకి లేపి ఉంచాడేమో అన్నాడు.

ఇలాంటివాళ్లను బట్టబయలు చేస్తానని చైనాలో షు షియావ్‌డాంగ్ బయల్దేరాడు. 2017 ఏప్రిల్లో చెంగ్డూలో వెయ్ లెయ్ అనే తాయ్‌చీ గురువును ఇరవై సెకన్లలో మట్టికరిపించాడు. చైనా అంతా గగ్గోలైంది. రెండేళ్లకు, మరో తాయ్‌చీ పెద్దను అవమానించావంటూ కోర్టు అతని చేతనే క్షమాపణ చెప్పించి పరిహారం కట్టమంది. షు పద్ధతి చప్పట్లు కొట్టించేదే. కాకపోతే కొట్లాటలో ఓడినవాడు పిల్లలకు నేర్పలేడని గానీ, గెలిచినవాడు నేర్పగలడని గానీ దానివల్ల తేలదు. ఆ విషయంలో బ్రెజిలియన్ జియుజిట్సు వాళ్లది నిదానమైన దారి. బ్లాక్‌బెల్టుకు దాదాపు పదేళ్లు పడుతుంది, రోజూ చాప మీద ఒకరినొకరు పట్టుకుని పెనుగులాడాల్సిందే. ఇంకో ఊరినుంచి వచ్చిన బెల్టు నిజమో కాదో అయిదు నిమిషాల పట్టులో తెలిసిపోతుంది, ఎవరూ కాగితం అడగరు.

కాగితం అసలు లేనివాళ్లూ మనకు తక్కువేం కాదు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడికి ఏ బెల్టు ఉంది? పీర్ల పండక్కీ దసరాకీ కర్రసాము చేసే తాలింఖానా ఉస్తాదులను, తాత దగ్గర గరిడీ నేర్చుకుని వాడలో పిల్లలకు చెప్పే పెద్దాయనను దాన్ ఎంత అని అడిగితే నవ్వుతారు. కేరళలో కలరిపయట్టు నేర్పే మీనాక్షి అమ్మకు డెబ్భై దాటాక, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆవిడ చేతిలో కర్ర తిరగడం చూసినవాళ్లకు సర్టిఫికెట్ సంగతి గుర్తురాదు. వీళ్లందరి విషయంలో ఊరే సాక్షి. ఎవరి ఉస్తాదు ఎవరో వీధి మొత్తానికి తెలుసు. కాబట్టి కాగితం లేదని ఎవరినీ తోసిపుచ్చొద్దు, ఫ్లెక్సీ మాస్టారిని అడిగిన ప్రశ్నే వీళ్లనీ అడగండి. జవాబు చెప్పడానికి పది మంది పోగవుతారు.

ఇంత చూసి ఒక్కటి చూడకపోతే చూసినదంతా వృథా. సంతకాలన్నీ అసలువై, దాన్లన్నీ కష్టపడి తెచ్చుకున్నవై, మనిషి మాత్రం పిల్లల దగ్గర నిలబెట్టకూడనివాడై ఉండొచ్చు. ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి సమగ్ర శిక్ష కింద మూడు నెలల శిక్షణ ఉంది. దానికి నెలకు 5,000 రూపాయలిస్తారు. అంత తక్కువకు వచ్చేవాళ్లను వెతికి పట్టుకునే హడావుడిలో హెచ్‌ఎంలు బెల్టు రంగు చూసి సరేననేస్తారు. అంతకుముందు ఆయన ఎక్కడ నేర్పాడు, అక్కడ ఎందుకు మానేశాడు అని ఆ బడికి ఒక ఫోన్ చేసేవాళ్లు తక్కువ. బడి సిబ్బందిగా, గురువుగా ఉన్నవాడు పిల్లల మీద అఘాయిత్యం చేస్తే పోక్సో చట్టంలో శిక్ష మరింత కఠినం. కానీ చట్టం వచ్చేది జరిగిన తర్వాత. తలుపు వేసి ‘స్పెషల్ క్లాస్’ ఉండకూడదు. తల్లిదండ్రులు కూర్చుని చూస్తామంటే కాదనకూడదు. ‘మా స్టైల్ రహస్యం, బయటివాళ్లు చూడకూడదు’ అంటే, బాబునో పాపనో తీసుకుని ఇంటికెళ్లిపోండి.

కూర్చోనిచ్చారనుకోండి, ఏం చూడాలి? మీ పాపను కాదు, వెనక వరసలో ఉన్న లావుపాటి బాబును చూడండి. రెండు రౌండ్లు పరిగెత్తి ఆయాసపడుతుంటాడు. మాస్టారు అతని దగ్గరికి వెళ్తున్నాడా, పేరు పెట్టి పిలుస్తున్నాడా, మోకాలు ఎంత వంచాలో ఒంగి చూపిస్తున్నాడా, లేక మిగతావాళ్ల ముందు నవ్వులపాలు చేస్తున్నాడా? దెబ్బ తగిలినప్పుడు క్లాసు ఆగుతోందా? అయిదేళ్లుగా వస్తున్న పెద్ద పిల్లలు ఎవరైనా ఉన్నారా, లేక అందరూ తెల్ల, పసుపు బెల్టులేనా? పాత శిష్యులు ఒక్కరూ నిలవని చోట గోడ మీద ఎన్ని ఫ్రేములున్నా ఏం లాభం.

ఇవన్నీ చదివాక కొందరికి ఒక బెంగ పట్టుకుంటుంది, అది న్యాయమైన బెంగే. ‘మా అబ్బాయి ఆరేళ్ల నుంచి వెళ్తున్నాడు, బ్లాక్‌బెల్టు కూడా వచ్చింది, ఇప్పుడు మాస్టారిదే బోగసని తెలిసింది. ఆ ఆరేళ్లూ పోయినట్టేనా?’ వాడు పొద్దున్నే లేచి పరిగెత్తింది బోగస్ కాదు. ఒళ్లు వంగింది, కిందపడితే ఎలా పడాలో వచ్చింది, అవి ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కొత్త చోటికి తీసుకెళ్లినప్పుడు పాత సర్టిఫికెట్లు సంచిలోంచి తీసి మాస్టారి బల్ల మీద పేర్చకండి. ఇన్నాళ్లు ఇక్కడ నేర్చుకున్నాడు, ఎంతవరకు వచ్చో మీరే చూడండి అని చెప్పండి. మంచి మాస్టారైతే పాత గురువును ఒక్క మాట కూడా అనడు. రెండు వారాలు చూసి, ఏ వరసలో నిలబెట్టాలో తనే చెప్తాడు. అప్పటిదాకా తెల్ల బెల్టు కట్టుకుని చివర్న నిలబడమంటే అబ్బాయికి చిన్నతనంగానే ఉంటుంది. ఇంటికొచ్చి ఒక రాత్రి ఏడుస్తాడు కూడా. మర్నాడు సాయంత్రం అయిదింటికి డ్రెస్సు తనే మడతపెట్టుకుని బయల్దేరితే పంపించండి. బయల్దేరకపోతే క్రికెట్ బ్యాటు కొనివ్వండి.